క్వారీ టిప్పర్ టర్బో ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ పైపు లైను: కొలత నుంచి బిగింపు దాకా

కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి క్వారీల్లో టిప్పర్ పని రోజంతా ఒకటే తీరు: గోతిలోంచి లోడుతో క్రషర్ దాకా ఎక్కడం, ఖాళీగా దిగడం. ఎక్కేటప్పుడు కింది గేర్లలో, ఫుల్ యాక్సిలరేటర్ మీద నిమిషాల తరబడి లాగాలి. అప్పుడు టర్బోకు (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే చక్రాల జతకు) ముందు పొగ 600 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే, టర్బో దాటాక 400 నుంచి 500 మధ్య ఉంటుంది. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని మూసి బండి వేగం తగ్గించే వాల్వు) పడితే అదే పైపులో ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. వీటికితోడు కింద రాళ్లబాట కుదుపు. తారురోడ్డు లారీ కింద ఏళ్ల తరబడి చెక్కుచెదరని పైపు ఇక్కడ కొన్ని నెలలకే వెల్డింగ్ పక్కన చీలిపోతుంది. అందుకే క్వారీ బండికి పైపు లైను చేసేటప్పుడు రెండు ప్రశ్నలను విడివిడిగా తేల్చుకోవాలి. పొగ సులువుగా బయటికి పోతుందా అన్నది లెక్కతో తేలుతుంది. పైపు నిలుస్తుందా అన్నది బ్రాకెట్లతో, బెలోస్‌తో (కుదుపును, సాగుడును మింగే ముడతల గొట్టంతో) తేలుతుంది. ఎక్కువమంది మొదటిదాని గురించే మాట్లాడుకుంటారు. బండ్లు షెడ్డుకొచ్చేది మాత్రం ఎక్కువగా రెండోదాని వల్లే.

ఏ బండికి, ఏ బండికి కాదు

ఇక్కడ చెప్పేది గని హద్దుల్లోనే తిరిగే, ఎగ్జాస్ట్‌లో ఫిల్టర్లూ యూరియా సిస్టమూ లేని పాత తరం టర్బో డీజిల్ బండ్ల గురించి. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 లారీల్లో సైలెన్సర్ డబ్బాలోనే ఉత్ప్రేరకం, మసి ఫిల్టర్, యూరియా నాజిల్, సెన్సార్లు ఉంటాయి. వాటిలో ఏ పైపు పొడవు మారినా, సెన్సార్ చోటు జరిగినా కంప్యూటర్ లోపం చూపించి ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది. వాటి జోలికి పోవద్దు. రోడ్డెక్కే ఏ బండినైనా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. చెడిపోయిన పైపును అదే కొలతలో, అదే దారిలో మళ్లీ చేయడానికి మాత్రం కింద చెప్పిన పని పద్ధతులన్నీ పనికొస్తాయి.

టర్బో పైపును ఏం అడుగుతుంది

"ఇంజిన్‌కు కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి" అన్న మాట (బ్యాక్ ప్రెషర్ అంటే పొగను వెనక్కి నెట్టే ఒత్తిడి) షెడ్లలో తరచూ వినిపిస్తుంది. టర్బో లేని పెట్రోల్ బండ్లలో పొగ అలలను బట్టి పైపు పొడవు కుదుర్చుకునే అలవాటులోంచి వచ్చిన మాట అది. టర్బో బండిలో ఆ అలల బలాన్ని టర్బైన్ చక్రమే వాడేసుకుంటుంది. దాని తర్వాత పైపు చేయాల్సింది ఒక్కటే, పొగను అడ్డం లేకుండా బయటికి పంపడం.

టర్బైన్ తిరిగేది దానికి ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ మధ్య నిష్పత్తి వల్ల. ఆ నిష్పత్తి రెండు అనుకుందాం. వెనక 5 కిలోపాస్కల్ అడ్డం పడితే, అదే పని చేయించుకోవడానికి ముందు వైపు సుమారు 10 పెరగాలి. ఆ పదినీ పిస్టన్లే తోయాలి. డీజిల్ ఖర్చవుతుంది, టర్బోకు ముందు వేడి పెరుగుతుంది, బూస్ట్ (టర్బో ఒత్తి పంపే గాలి ఒత్తిడి) ఆలస్యంగా వస్తుంది. గోతి ఎక్కడంలో ఈ మూడూ డ్రైవర్‌కు తెలిసిపోతాయి.

అలాగని పైపు ఎంత లావైతే అంత మేలనీ కాదు. ఒక హద్దు దాటాక ఒత్తిడిలో తేడా కనబడదు. బరువు పెరుగుతుంది, ఛాసిస్ పక్కన ఖాళీ తగ్గుతుంది, బ్రాకెట్ల మీద భారం పడుతుంది.

మొదటి మెట్టు: పొగ ఎంత వస్తుందో లెక్కగట్టడం

ఇంజిన్ తయారీదారు పుస్తకంలో ఎగ్జాస్ట్ ప్రవాహం, బ్యాక్ ప్రెషర్ హద్దు సాధారణంగా రెండూ ఉంటాయి. ఉంటే అవే తుది మాట. టర్బో డీజిళ్లకు ఆ హద్దు సాధారణంగా 6.7 నుంచి 10 కిలోపాస్కల్ మధ్య ఉంటుంది. ప్రవాహం దొరక్కపోతే ఇలా కట్టుకోవచ్చు.

ఉదాహరణకు 6 లీటర్ల, ఆరు సిలిండర్ల, 180 హార్స్‌పవర్ ఇంజిన్ తీసుకుందాం. గరిష్ఠ వేగం 2,400 ఆర్‌పీఎం, బూస్ట్ 1 బార్, ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) ఉంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 6 × 1,200, అంటే 7,200 లీటర్లు, 7.2 ఘనపు మీటర్లు. సిలిండర్ నిండే తీరు నూటికి 90 అనుకుంటే 6.48. బూస్ట్‌తో కలిపి 2 బార్ల దగ్గర, 60 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు 2.1 కిలోలు తూగుతుంది. అంటే నిమిషానికి 13.6 కిలోల గాలి. దానికి అర కిలో డీజిల్ కలుపుకుంటే 14.1 కిలోల పొగ.

పొగ సాంద్రతకు సులువైన సూత్రం ఉంది: 352ను, డిగ్రీల సెల్సియస్‌కు 273 కలిపి వచ్చిన అంకెతో భాగించాలి. 450 డిగ్రీల దగ్గర అది 0.487. పద్నాలుగు కిలోల చిల్లరను దాంతో భాగిస్తే నిమిషానికి 29 ఘనపు మీటర్లు. ఇంజిన్ పీల్చిన కొలతకు ఇది నాలుగు రెట్లు. పైపు కొలతను ఇంజిన్ సీసీ చూసి ఊహించే వాళ్లు పొరబడేది ఇక్కడే, వేడికి ఉబ్బిన పొగను లెక్కలోకి తీసుకోరు.

మరో మాట. మే నెలలో కడప ఎండకు ఇంటర్‌కూలర్ అంత చల్లబరచలేదు, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బరువు తగ్గుతుంది. డిసెంబరు తెల్లవారుజామున గాలి బరువుగా వెళ్తుంది. లెక్క ఎప్పుడూ చలికాలానిదే పట్టుకోవాలి.

రెండో మెట్టు: వ్యాసం తేల్చడం

పైపులో పోయే ఒత్తిడికి ఇంజిన్ల ఇన్‌స్టలేషన్ పుస్తకాల్లో వాడే సూత్రమిది. మొత్తం సమాన పొడవు మీటర్లలో, పొగ సాంద్రత, నిమిషానికి ప్రవాహం వర్గం, 36,00,000, ఈ నాలుగింటినీ గుణించాలి. వచ్చినదాన్ని పైపు లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో అయిదో ఘాతంతో భాగిస్తే కిలోపాస్కల్ వస్తుంది. దానికి సైలెన్సర్ తినే ఒత్తిడి కలపాలి.

సమాన పొడవు అంటే బెండ్లను తిన్నని పైపుగా మార్చిన కొలత. వ్యాసానికి ఒకటిన్నర రెట్లు వంపు ఉన్న 90 డిగ్రీల బెండు 20 వ్యాసాల తిన్నని పైపుకు సమానం. వ్యాసమంతే వంపు ఉన్న పొట్టి బెండు 33 వ్యాసాలు. 45 డిగ్రీల బెండు 15. రెండు పైపులను మూలకోత కోసి నేరుగా అతికించిన చదరపు మూల 66. బెలోస్ పొడవును రెండింతలు చేసుకోవాలి.

మన ఉదాహరణలో 3.2 మీటర్ల తిన్నని పైపు, మూడు పొడవు వంపు బెండ్లు, ఒక 45 డిగ్రీల బెండు, పావు మీటరు బెలోస్ ఉన్నాయనుకుందాం. గోడ మందం 2 మి.మీ. ఇంజిన్ పుస్తకంలో హద్దు 7 కిలోపాస్కల్, సైలెన్సర్ తినేది 2.5.

3 అంగుళాల పైపు: లోపల 72.2 మి.మీ. పైపు ఒక్కటే 6.85 తింటుంది, సైలెన్సర్‌తో 9.3. హద్దు దాటింది.

3.5 అంగుళాలు: లోపల 84.9. పైపు 3.4, మొత్తం 5.9. హద్దుకు లోపలే ఉంది గానీ మిగులు చిన్నది. సైలెన్సర్‌లో మసి పేరుకున్నా, రాయి తగిలి పైపు నొక్కుకుపోయినా అదీ పోతుంది.

4 అంగుళాలు: లోపల 97.6. పైపు 1.8, మొత్తం 4.3. ఇదే మన కొలత.

అర అంగుళం పెరిగితే ఒత్తిడి సగానికి పడిపోతోంది. అయిదో ఘాతం మహిమ అది. అయితే ఇదే 4 అంగుళాల పైపులో మూడు బెండ్లనూ చదరపు మూలకోతలుగా చేస్తే పైపు తినేది 4.1కి చేరుతుంది, అంటే మంచి బెండ్లున్న మూడున్నర అంగుళాల పైపు కంటే ఎక్కువ. లావు పైపు కొని, బెండ్ల దగ్గర పొదుపు చేస్తే కొన్నదంతా వృథా.

మూడో మెట్టు: దారి గీయడం

6 మి.మీ. రాడ్డు తీసుకుని టర్బో మూతి నుంచి పైపు చివరి దాకా నడిమి గీతలా వంచుకుంటూ పోవాలి. దానికి ప్రతి అడుగుకూ 102 మి.మీ. వ్యాసంతో కోసిన అట్ట బిళ్లలు గుచ్చితే ఎక్కడ తగులుతుందో కళ్లకు కనిపిస్తుంది. బాడీని పూర్తిగా ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూడాలి. క్యాబిన్ వంచే బండైతే వంచి కూడా చూడాలి.

వదలాల్సిన ఖాళీలు: ఛాసిస్‌కూ ఇంజిన్ మీద నిలిచిన పైపుకూ మధ్య కనీసం 25 మి.మీ. లోడుతో లాగేటప్పుడు ఇంజిన్ రబ్బర్ల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగు ఇందులోనే పోవాలి. టిప్పర్ బాడీకి 50. నైలాన్ ఎయిర్ పైపులకు, హైడ్రాలిక్ హోజులకు, వైర్లకు 150, కుదిరితే 200. అంత చోటు లేకపోతే మధ్యలో వేడి అడ్డు రేకు ఉండాలి. డీజిల్ పైపుకు 35 మి.మీ. కంటే దగ్గరగా ఎగ్జాస్ట్ ఉండకూడదని కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతాయి. క్వారీలో దాన్ని కనీస హద్దుగా చూడండి, లక్ష్యంగా కాదు. టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే పైపు పక్కనుంచి ఎగ్జాస్ట్ పోనివ్వద్దు. ఆ ఆయిల్ వేడికి మాడి బొగ్గులా గట్టిపడితే దిగే దారి మూసుకుని టర్బో సీలు దాటి కారుతుంది.

చివరి మూతి నేల వైపు ఉంటే క్వారీ సుద్ద దుమ్ము లేచి, తిరిగి అదే బండి ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది. టైరు మీదికీ పనికిరాదు. క్యాబిన్ వెనక నిలువు గొట్టం మేలు. అయితే లోడ్ చేసేటప్పుడు ఎక్స్‌కవేటర్ బకెట్ లోంచి జారే రాయి తగలకుండా బాడీ ముందు రేకు చాటున నిలపాలి. మూతికి వాన మూత పెట్టండి, లేదా మూతిని వెనక్కి వంచి ఏటవాలుగా కోయండి. పైపు లైనులో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట 4 మి.మీ. రంధ్రం ఒకటి వదలాలి. చల్లారిన పైపులో చేరే నీళ్లు దిగిపోకపోతే సైలెన్సర్ లోపలి నుంచే తుప్పు తింటుంది.

కొన్ని పెద్ద డంపర్లలో పొగను బాడీ పక్కటెముకల గుండా పంపి అడుగును వేడి చేస్తారు, తడి మట్టి అంటుకోకుండా. పొడి సున్నపురాయి తోలే మన బండ్లకు ఆ అవసరం అరుదు. దానికి తోడు ఆ దారి చాలా ఒత్తిడి తింటుంది.

నాలుగో మెట్టు: సరుకు

పై ఉదాహరణకు కావలసింది ఇది:

- 101.6 మి.మీ. బయటి వ్యాసం, 2 మి.మీ. గోడ ఉన్న పైపు 4 మీటర్లు (కోతలకు, తప్పులకు కలిపి)
- మాండ్రెల్ మీద (నొక్కుకుపోకుండా లోపల అచ్చు పెట్టి) వంచిన 90 డిగ్రీల బెండ్లు 3, 45 డిగ్రీల బెండు 1
- లోపల ఇంటర్‌లాక్ లైనర్, బయట అల్లిక తొడుగు ఉన్న స్టెయిన్‌లెస్ బెలోస్ 250 మి.మీ. ఒకటి
- టర్బో మూతికి సరిపోయే వీ-బ్యాండ్ క్లాంపు (రెండు అంచులను చుట్టి పట్టే పట్టీ), దాని ఫ్లాంజి (అతుకు అంచు)
- 10 మి.మీ. ప్లేటులో కోసిన ఫ్లాంజీలు రెండు జతలు, స్టీలు గ్రాఫైట్ గ్యాస్కెట్లు
- 40 × 6 మి.మీ. పట్టీ 3 మీటర్లు, వెడల్పు బ్యాండ్ క్లాంపులు 4, రబ్బరు బుష్షులు 4
- పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్లు

నైలాన్ రింగు ఉన్న నట్లు ఇక్కడ మొదటి రోజే కరిగి వదులవుతాయి. ఇసుక నింపి, కాల్చి వంచిన బెండ్లు వంపు లోపలి వైపు ముడతలు పడి నొక్కుకుపోతాయి. మాండ్రెల్ బెండ్లు కడప, ప్రొద్దుటూరు షెడ్లలో దొరక్కపోతే చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవడం మంచిది.

పైపు లోహం విషయంలో మా మొగ్గు 409 గ్రేడ్ స్టెయిన్‌లెస్ వైపు. పైకి కొంచెం తుప్పు రంగు తిరుగుతుంది, లోపల గట్టిగా ఉంటుంది. వేడికి సాగడం మామూలు స్టీలంతే. 304 గ్రేడ్ మెరుస్తూ బాగుంటుంది, తుప్పుకు ఇంకా గట్టిది, కానీ వేడికి దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. 3 మీటర్ల పైపు 40 నుంచి 450 డిగ్రీలకు వెళ్తే మైల్డ్ స్టీలు సుమారు 15 మి.మీ. పెరుగుతుంది, 304 అయితే 21. ఆ సాగుడుకు చోటివ్వకుండా రెండు చివరలా బిగించేస్తే ఖరీదైన పైపే ముందు చీలుతుంది. డబ్బు తక్కువైతే అల్యూమినియం పూత ఉన్న స్టీలు పైపు, అదీ కాకపోతే 2.5 మి.మీ. మైల్డ్ స్టీలు.

జీఐ నీళ్ల పైపు మాత్రం వాడొద్దు. దాని జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, వెల్డింగ్‌లో ఆవిరై తెల్లటి పొగగా లేస్తుంది. దాన్ని పీల్చిన వెల్డర్‌కు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది.

అయిదో మెట్టు: టర్బోకు ముందు భాగం

మ్యానిఫోల్డ్‌ను (సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే భాగాన్ని) కొత్తగా చేయడానికి పూనుకోవద్దు. కంపెనీ పోత మ్యానిఫోల్డే ఉంచండి. ఆరు సిలిండర్ల ఇంజిన్లో పేలే వరుస 1-5-3-6-2-4. ముందు మూడిట్లో ఒకటి, వెనక మూడిట్లో ఒకటి, మార్చి మార్చి వస్తాయి. మ్యానిఫోల్డ్‌ను రెండు గదులుగా పోసింది అందుకే. ఒకదాని పొగ మరోదానికి అడ్డం రాకుండా టర్బో దాకా వెళ్తుంది. మధ్య గోడ బీటలు వారితే బూస్ట్ కింది వేగాల్లో పడిపోతుంది, బయటికి చుక్క పొగ కూడా కారదు కాబట్టి కనుక్కోవడం కష్టం. మూడు ముక్కల మ్యానిఫోల్డ్‌లో జారే అతుకు దగ్గర కారుతోందని వెల్డింగ్ వేయొద్దు. వేడికి జరగడానికి అక్కడ చోటు కావాలి, ఆ చోటు పోతే పక్కన చీలుతుంది. లోపలి సీలు రింగులు మార్చాలి. బోల్టులు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించాలి.

ఆరో మెట్టు: టర్బో మూతి నుంచి బెలోస్ దాకా

పైపు లైను మన్నిక తేలేది ఈ మొదటి మీటరులోనే. ఇక్కడ తొందర పడకండి.

టర్బో మూతి 72 మి.మీ. అనుకుందాం, మన పైపు లోపల 97.6. ఒక్కసారిగా వెడల్పు చేస్తే పొగ సుడి తిరిగి ఒత్తిడి తింటుంది. 100 మి.మీ. పొడవున్న శంకువు ముక్క పెడితే ఒక్కో పక్క ఏడు డిగ్రీల పైచిలుకు వాలు వస్తుంది, అది సరిపోతుంది. టర్బోలో వేస్ట్‌గేట్ రెక్క (బూస్ట్ హద్దు దాటకుండా పొగను పక్కదారి పట్టించేది) ఉంటే అది పూర్తిగా తెరుచుకున్నప్పుడు శంకువు గోడకు తగలకూడదు. బిగించే ముందు యాక్చుయేటర్‌కు గాలి పెట్టి రెక్కను తెరిచి చూడాలి. తగిలితే వేస్ట్‌గేట్ సగమే తెరుచుకుంటుంది, బూస్ట్ హద్దు దాటుతుంది, టర్బో అతివేగంతో తిరిగి పాడవుతుంది.

ఎగ్జాస్ట్ బ్రేక్ ఉన్న బండిలో వరుస ఇది: టర్బో, శంకువు, బ్రేక్ వాల్వు, ఇంజిన్‌కు పట్టిన బ్రాకెట్, ఆ తర్వాతే బెలోస్. వాల్వు మూసుకున్నప్పుడు దాని ముందు 2 నుంచి 4 బార్ల ఒత్తిడి నిలుస్తుంది. బెలోస్ ఆ ఒత్తిడికి ఉబ్బి పగులుతుంది, కాబట్టి అది వాల్వుకు ముందు ఉండకూడదు. ఆ భాగంలో కేవలం జొనిపి క్లాంపు వేసిన అతుకులూ ఉండకూడదు. సీతాకోక రెక్కలో ఉన్న చిన్న రంధ్రాన్ని మూయొద్దు. బ్రేక్ గట్టిగా పట్టాలని దాన్ని మూస్తే ఒత్తిడి ఎగ్జాస్ట్ వాల్వు స్ప్రింగులను గెలిచి వాల్వులను తెరుస్తుంది. పిస్టన్, వాల్వు గుద్దుకున్నాక అయ్యే ఖర్చు పైపు లైను ఖర్చుకు ఎన్నో రెట్లు.

టర్బో కేసింగ్ మీద పైపు బరువు వేలాడకూడదు. టర్బో నుంచి మొదటి బ్రాకెట్ ఇంజిన్ బ్లాకుకో, గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్‌కో పట్టాలి, ఛాసిస్‌కు కాదు. బెలోస్‌కు ముందున్నదంతా ఇంజిన్‌తో కలిసి కదలాలి, తర్వాతున్నదంతా ఛాసిస్‌తో కదలాలి. ఈ గీత దాటి ఒక్క బ్రాకెట్ వేసినా బెలోస్ ఉండీ లేనట్టే.

బెలోస్‌ను తిన్నగా, ఏ లాగుడూ లేకుండా బిగించాలి. వంకరగా లాగి, మెలిపెట్టి బిగిస్తే అల్లిక తొందరగా తెగుతుంది. లైనర్ మీద బాణం గుర్తు పొగ పోయే వైపు ఉండాలి. వేడికి పైపు వెనక్కీ ముందుకూ పెరిగేది 15 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి 20కి పైగా సాగే, కుంచించుకునే బెలోస్ ఎంచుకోండి.

వీ-బ్యాండ్ క్లాంపుతో పైపును లాగి కలపకూడదు. రెండు ఫ్లాంజీలూ చేత్తో పెడితేనే సరిగ్గా కూర్చోవాలి. కొంచెం బిగించి, రబ్బరు సుత్తితో చుట్టూ తట్టి, మళ్లీ తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించాలి. మరకు నికెల్ యాంటీ-సీజ్ (మర పట్టుకుపోకుండా ఆపే ముద్ద) రాయండి, వచ్చే ఏడాది విప్పేవాళ్లకు గ్రైండర్ అవసరం పడదు.

ఏడో మెట్టు: వెల్డింగ్

ముక్కలన్నీ బండి మీదే పెట్టి ఒక్కో అతుకుకు నాలుగు చోట్ల చుక్కలు వేయాలి. తర్వాత విప్పి బల్ల మీద పూర్తి చేయాలి. బండి మీద చుక్కలు వేసేటప్పుడు బ్యాటరీ రెండు తీగలూ విప్పండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేస్తున్న పైపుకే, దగ్గర్లో పట్టించండి. ఛాసిస్‌కు పట్టించి టర్బోకు తగిలిన పైపు మీద వెల్డింగ్ చేస్తే కరెంటు టర్బో షాఫ్టు, బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. బేరింగుల మీద పడే ఆ చిన్న మచ్చలు కొన్ని వారాల తర్వాత టర్బోను తినేస్తాయి. చుక్కలు వేస్తున్నంతసేపూ టర్బో మూతికి రేకు మూత ఉండాలి.

కోతలు చదరంగా ఉండాలి, ఖాళీ ఒక మి.మీ. దాటకూడదు. 409కు 409 లేదా 309ఎల్ రాడ్డు, 304కు 308ఎల్, స్టెయిన్‌లెస్‌ను మైల్డ్ స్టీలుకు కలపాలంటే 309ఎల్. స్టెయిన్‌లెస్‌కు టిగ్ వెల్డింగ్ అయితే పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే లోపలి వైపు పంచదార పాకం పొంగి గడ్డకట్టినట్టు నల్లగా తేలుతుంది, చీలిక అక్కడే మొదలవుతుంది. ఫ్లాంజీలను మందపాటి ప్లేటుకు బోల్టులు వేసి పట్టి వెల్డింగ్ చేయాలి, చల్లారాకే విప్పాలి. తర్వాత స్కేలు అంచు పెట్టి చూస్తే 0.3 మి.మీ. కంటే ఎక్కువ వెలుతురు కనబడకూడదు. కనబడితే లేతు మీద ముఖం తీయించాలి. గ్యాస్కెట్ రెండు వేస్తే సరిపోదు, అది కొద్ది రోజుల్లోనే ఊదేస్తుంది.

ఎనిమిదో మెట్టు: వేలాడదీయడం

బెలోస్ తర్వాత ప్రతి మీటరుకూ ఒక ఆధారం, సైలెన్సర్‌కు రెండు చివరలా ఒక్కొక్కటి. వీటిలో ఒక్కదాన్నే గట్టిగా బిగించాలి, సాధారణంగా సైలెన్సర్ దగ్గరిది. మిగతావి రబ్బరు బుష్షు మీద పైపు పొడవునా జరిగేలా ఉండాలి. ఛాసిస్ పై, కింది అంచుల్లో కొత్త రంధ్రం వేయొద్దు, వెల్డింగ్ వేయొద్దు. లోడంతా మోసేది ఆ అంచులే, బీట అక్కడ మొదలైతే ఛాసిస్ పోతుంది. నిలువు గోడలో ఉన్న రంధ్రాలే వాడాలి.

యూ-బోల్టు క్లాంపు పైపును పిండి నొక్కేస్తుంది. దాని బదులు వెడల్పు బ్యాండ్ వేయాలి. పైపుకు పట్టీని నేరుగా వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు 3 మి.మీ. జీను ముక్కను, మూలలు గుండ్రంగా తీసి, పైపుకు అతికించి దాని మీద పట్టీ వేయండి. పల్చటి పైపు మీద మందపాటి పట్టీ నిలబెడితే కుదుపంతా ఆ వెల్డింగ్ అంచున చేరి చంద్రవంక ఆకారంలో చీలుతుంది.

తొమ్మిదో మెట్టు: వేడిని దూరం పెట్టడం

అడ్డు రేకుకు 1 మి.మీ. అల్యూమినియం చాలు, పైపుకూ రేకుకూ మధ్య 25 మి.మీ. గాలి ఖాళీ ఉంటేనే అది పనిచేస్తుంది. పైపుకు ఆనించి కడితే రేకే వేడి పైపవుతుంది. గుడ్డ చుట్టు వాడకం పెరుగుతోంది గానీ క్వారీలో మేం దాన్ని సిఫార్సు చేయం. సుద్ద దుమ్ము, తడి పట్టి ఉంచి మైల్డ్ స్టీలును తినేస్తుంది, చీలికను దాచిపెడుతుంది. టిప్పింగ్ హైడ్రాలిక్ ఆయిల్ దాని మీద కారితే పీల్చుకుని అంటుకుంటుంది. సైలెన్సర్ తీసేసి వట్టి గొట్టం పెట్టడం కూడా ఇదే కోవలోది. శబ్దం ఒక్కటే కాదు, మసి కణాలు నిప్పురవ్వలుగా ఎగిరి గని అంచున ఎండిన గడ్డికి తగులుకుంటాయి.

పదో మెట్టు: కొలిచి చూడటం

టర్బో తర్వాత తిన్నని భాగంలో, బెండుకు దూరంగా ఒక చిన్న మర ముక్క అతికించి ఉంచుకోండి, మామూలప్పుడు ప్లగ్గు బిగించి ఉంటుంది. కొలిచేటప్పుడు దానికి ఒక మీటరు రాగి లేదా స్టీలు సన్న గొట్టం, ఆ తర్వాత రబ్బరు గొట్టం తగిలించాలి. గేజి లేకపోతే పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో చెక్క మీద కట్టి సగం దాకా నీళ్లు పోస్తే చాలు. ఒక కిలోపాస్కల్‌కు రెండు నీటి మట్టాల మధ్య 102 మి.మీ. తేడా వస్తుంది. 7 కిలోపాస్కల్ హద్దుకు అది 714.

నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కితే లోడు ఉండదు, బూస్ట్ రాదు, కొలత తక్కువే చూపిస్తుంది. లోడుతో గోతి ఎక్కుతూ, గరిష్ఠ వేగం దగ్గర, ఫుల్ యాక్సిలరేటర్ మీద చూసిందే లెక్క. చూసేవాళ్లు డ్రైవర్ పక్కన కూర్చోవాలి, ఎగ్జాస్ట్ బ్రేక్ వేయకూడదు. మన ఉదాహరణలో 4.3 రావాలి. 5 వచ్చినా కంగారు లేదు. 6 దాటితే ఎక్కడో నొక్కుడో, లోపల ఊడిన ముక్కో ఉంది.

కారడం చూడటానికి చల్లని ఇంజిన్‌తో, మూతి నుంచి బ్లోయర్ గాలి పెట్టి అతుకుల మీద సబ్బు నీళ్లు రాయాలి. మొదటి 50 గంటల పని తర్వాత అన్ని బోల్టులూ చల్లగా ఉన్నప్పుడు మళ్లీ బిగించాలి. ఆ తర్వాత ప్రతి 250 గంటలకు ఒకసారి బ్రాకెట్లు, బెలోస్ చూసుకోవాలి.

ఏది చెడితే ఎక్కడ చూడాలి

నల్ల పొగ, లాగుడు తక్కువ: పైపును తిట్టేముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. సుద్ద దుమ్ములో అది త్వరగా నిండుతుంది. ఫిల్టర్ సూచిక 635 మి.మీ. నీటి మట్టం, అంటే 6.2 కిలోపాస్కల్ దగ్గర ఎర్రబడితే లోపం అక్కడే.

లోడు మీద ఈల, ఖాళీలో నిశ్శబ్దం: టర్బోకు ముందు మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, లేదా టర్బో కంప్రెసర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే గాలి గొట్టం. మసి చార ఉంటే మొదటిది. చార లేకుండా గొట్టం క్లాంపు దగ్గర ఆయిల్ తడి ఉంటే రెండోది.

బెలోస్ పదేపదే తెగడం: కొత్తది వేసే ముందు పాతదాని అల్లిక చూడండి. ఒక పక్కే తెగితే వంకరగా బిగించారు. చుట్టూ సమానంగా తెగితే బెలోస్‌కు ముందు ఇంజిన్ బ్రాకెట్ విరిగిపోయింది, లేదా ఇంజిన్ రబ్బర్లు కూర్చుండిపోయాయి. తాడులా మెలితిరిగి ఉంటే వెనక ఆధారం పైపును పక్కకు తోస్తోంది.

సైలెన్సర్ లోపల గలగల, ఆ తర్వాత కొన్ని రోజులకు లాగుడు తగ్గడం: లోపలి రంధ్రాల గొట్టం ఊడి అడ్డం పడింది. నీటి గొట్టంతో కొలిస్తే ఒత్తిడి ఒక రోజుకూ మరో రోజుకూ మారుతూ కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ముక్క కుదుపుకు చోటు మారుతుంది. దాన్ని కోసి అతకడం కంటే మార్చడమే చౌక.

టర్బో మూతి దగ్గర శంకువు లోపల ఆయిల్ తడి: పైపు తప్పు కాకపోవచ్చు. లోడుతో ఎక్కిన వెంటనే ఇంజిన్ ఆపే అలవాటు ఉందేమో డ్రైవర్‌ను అడగండి. మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపితే షాఫ్టు దగ్గర ఆయిల్ మాడదు. ఆ అలవాటు మారాక కూడా తడి వస్తుంటే ఆయిల్ దిగే పైపు విప్పి లోపల బొగ్గు పట్టిందేమో చూసి, ఆ పైపుకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య రేకు అడ్డు పెట్టండి.